ఊట కింద గిన్నె

దహబాకు రమ్దాన్ సలాములు.

ఇక్కడ నేను, మేకలు, గాడిద, కోళ్లు దేవుడి దయవల్ల క్షేమం. మీ నాన్న నీ వాటాకిచ్చిన వాగుకట్ట ఒక్కటే క్షేమంగా లేదు, ఆ సంగతి నీకు ముందే తెలుసు. అక్కడ నువ్వూ, హద్రియా, పాపా, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ట్యూనిస్‌లో చలి ఎక్కువట గదా, పాపకు టోపీ తీయకండి.

అమ్మా హద్రియా, ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించేది నువ్వే గనక ముందు నీకో మాట. నడుమ ఎక్కడా దాటెయ్యకు. నాన్న పరువు పోతుందని ఏ వాక్యమూ మింగకు. పాప ఏడిస్తే పాలిచ్చి వచ్చి, ఆపిన చోటనుంచే మళ్లీ మొదలుపెట్టు.

దహబా, నీ ఉత్తరం బస్సు డ్రైవరు మొన్న సంతలో ఇచ్చాడు. మూడు ప్రశ్నలు, ఒక శపథం ఉన్నాయి అందులో. వరసగా జవాబు చెబుతాను.

నల్లమేక ఈనిందా అని అడిగావు. ఈనింది. రెండు పిల్లలు, రెండూ పోతులే. ఒకదానికి చెవి మీద తెల్లమచ్చ, అది తల్లిని వదిలి నా వెంట తిరుగుతోంది. నూనె జాడీ మూత సరిగ్గా పెడుతున్నావా అన్నావు. పెడుతున్నాను. ఒక్కసారి మరిచిపోయాను, పిల్లి మీసాలు ముంచింది. పైనున్న గరిటెడు నూనె తీసి దీపానికి వాడాను, కాబట్టి ఆ విషయంలో నన్ను తిట్టకు. హద్రియాకు నువ్వులూ తేనే వెన్నా కలిపి పెడుతున్నావో లేదో. మన తేనె డబ్బా బస్సులో పంపాను, డ్రైవరు దారిలో వేలు పెట్టకపోతే నిండుగానే అందుతుంది.

ఇక మూడోది. మొదటి వాన పడ్డాక ఊట కింద గిన్నె పెట్టావా, నీళ్లు ఎలా ఉన్నాయి అని అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి చెబుతాను. ఎగ్గొడుతున్నాననుకోకు, నెమ్మదిగా అటే వస్తున్నాను.

చివరన రాయించిన శపథం ఉంది చూశావూ, అది నన్ను ఈ రెండు రోజులూ అన్నం తిననివ్వలేదు. "మా నాన్న ప్రాణంలా చూసుకున్న కట్టను తవ్వి పడగొట్టినవాడు నాకు తమ్ముడు కాడు. నేను తిరిగొచ్చాక వాడి గుమ్మం తొక్కను, వాడు నా గుమ్మం తొక్కకూడదు. ఈ మాట వాడికి చదివి వినిపించు" అని రాయించావు. మిస్బాహ్‌కు చదువు రాదు కాబట్టి నేనే చదవాలి. నేను చదవలేదు. ఎందుకు చదవలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు కట్ట సంగతి. కట్ట తెగితే ఊరంతా బుట్టలు పట్టుకుని రావడం మన ఆనవాయితీ. కానీ ఒకరి తప్పువల్ల తెగిందని పెద్దమనుషులు తేలిస్తే ఎవరూ రారు, తప్పు చేసినవాడే ఒంటరిగా ఎత్తాలి. మసీదు అరుగు మీద కూర్చుని హాజ్ జుమా ఆ మాటే చెప్పాడు. కట్ట అడుగున గుంట తవ్వినవాడు మిస్బాహ్, అందుచేత కట్ట ఎత్తాల్సినవాడూ మిస్బాహే. అప్పటినుంచి నీ తమ్ముడు పొద్దున్నే గాడిదను తోలుకుని వచ్చి, వాగులోంచి మన్ను మోసి పోస్తున్నాడు, తడిపి తొక్కుతున్నాడు. నడుం నొప్పికి కంబళి ముక్క బిగించి కట్టుకున్నాడు. వానలు ఇంకా అయిపోలేదు. ఈలోపల గండి పూడకపోతే మీ నాన్న ఆలివ్ చెట్టు మిగలదు. ఇప్పటికే ఒక పక్క వేళ్లు బయటపడ్డాయి, రాళ్లు పేర్చి నిలబెట్టాం.

దారిన పోయేవాళ్లు ఊరుకోరు గదా. బెల్గాసెం తన చేలో సారవంతమైన మన్నంతా కొట్టుకుపోయిందని మంట మీద ఉన్నాడు.

"ఏరా మిస్బాహ్, నీళ్ల కోసం తవ్వావుగా, దొరికాయా?" అన్నాడు మొన్న.

"దొరక్కేం బాబాయ్, నీ చేనుదాకా పంపించాను, చూసుకోలేదా?" అన్నాడు వీడు, బుట్ట దించకుండానే.

బెల్గాసెంకు నవ్వొచ్చింది, నవ్వితే పలచనైపోతానని దగ్గుతూ వెళ్లిపోయాడు. నేను ఆలివ్ చెట్టు కింద కూర్చుని ఉన్నాను, నా కట్ట మరొకడు కడుతుంటే కాపలా కాసే పెద్దమనిషిలాగా. మధ్యాహ్నం వాడే వేయించిన బార్లీ పిండి నూనెలో కలిపి ముద్ద చేసి నాకు ఇచ్చాడు. "తిను బావా, అక్క లేనప్పటినుంచీ చిక్కిపోయావు" అన్నాడు. వాడు అటు తిరగ్గానే సగం ముద్ద గాడిదకు పెట్టేశాను.

ఇప్పుడు గిన్నె దగ్గరికి వస్తాను.

నీకు జ్ఞాపకముందిగా, మన కట్ట అడుగున రాతి పేర్పులో అరచేయంత సందు. మీ నాన్న ఆ సందులో లోపల ఇసుక, దాని ముందు సన్నగులకరాయి, దాని ముందు లావు రాయి కూరి వదిలేశాడు. వాన పడి కట్ట వెనక నీళ్లు నిలిచాయంటే అక్కడినుంచి వేలిలావు ఊట కారుతుంది. నువ్వు వెళ్లి తెల్లగిన్నె పెడతావు. నీళ్లు తేటగా ఉంటే "హాయిగా ఉంది" అని గిన్నె కడిగి తెచ్చుకుంటావు. మా మామగారి మాట నీ నోట ఎన్నిసార్లు విన్నానో. నీళ్లను పోనియ్యి, మన్నును పోనియ్యకు, అనేవాడు. కాపురానికి వచ్చిన ఆడదానికి పుట్టింటి కట్ట మీద ఇంత బెంగేమిటని నవ్వుకునేవాణ్ని.

ఆ ఊట నీళ్లతోనే కింద మిస్బాహ్ అత్తిచెట్టు బతికేది. పోయిన వేసవి అది ఎంత కాసిందో చూశావు. రోజూ ఆకు పరిచిన బుట్టలో మనకు పంపేవాడు. ఆ పళ్లు తింటూనే నేను కుళ్లుకున్నాను దహబా. నా కట్ట వెనక నిలిచిన నీళ్లు వాడి చెట్టుకు ఎందుకు పోవాలి అనుకున్నాను. మన బాదం మొక్కలు రెండు ఎండిపోయినప్పుడు ఆ కుళ్లు ఇంకా పెరిగింది. దానికి తోడు బెల్గాసెం నోరు ఒకటి. "రమ్దాన్, నీ కట్ట ముసలాడిలా ఎప్పుడూ కారుతూనే ఉంటుందే, వైద్యం చేయించకూడదూ?" అని నలుగురిలో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికొచ్చాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నువ్వు ప్రయాణమై వెళ్లాక మొదటి వాన పడింది. గిన్నె పెట్టాను, ఆ మాట నిజం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అలా ఉన్నప్పుడు ముట్టుకోకూడదని నీకు తెలుసు, నాకూ తెలుసు. ఊట ఆరాక బడి కట్టగా మిగిలిన సిమెంటు అడిగి తెచ్చాను. మీ నాన్న పేర్చిన ఇసుకా గులకరాయీ అంతా గోకి బయట పారేసి, సందులో సిమెంటు కూరి, అరచేత్తో అదిమి నున్నగా చేశాను. దాని ముందు రెండు రాళ్లు యథాప్రకారం పెట్టాను, ఎవరికీ కనపడకుండా. నువ్వు ఉండి ఉంటే నన్ను అటు పోనిచ్చేదానివి కాదు. నువ్వు లేవనే ఆ పని చేశాను, ఇది ఒప్పుకుంటున్నాను.

రెండో వానకు కట్ట అడుగు పొడిగా ఉంది. చెప్పొద్దూ, గర్వపడ్డాను. నీళ్లు నిండా నిలిచి, అలుగు అంచుదాకా వచ్చాయి. ముసలి కట్టకు వైద్యం చేశానని బెల్గాసెంకు చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఇంతలో మిస్బాహ్ వచ్చాడు.

"బావా, ఊట ఆగిపోయిందేమిటి? కట్ట వెనక ఇన్ని నీళ్లున్నాయే" అన్నాడు.

"వాన చాలలేదేమోరా. భూమి ఎండిపోయి ఉంది గదా, తాగేసుంటుంది" అన్నాను.

"ఇంత తాగిందా? దాన్ని మన ఊరి పెళ్లిళ్లలో కూర్చోబెట్టాలి" అని నవ్వి వెళ్లాడు. నా మాట నమ్మాడు. అత్తిచెట్టు ఆకు వడిలిపోతుంటే, నీళ్లు ఎక్కడైనా లోతున దిగాయేమోనని చెట్టు మొదట్లో, కట్ట పాదానికి దగ్గరగా మోకాల్లోతు గుంట తవ్వాడు. వాడు తవ్వుతుంటే నేను కట్ట మీద నిలబడి చూశాను. వద్దు అనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతాడు.

మూడో వాన పట్టపగలే వచ్చింది. కొండ మీదనుంచి వాగు ఎర్రగా దిగింది. నేను కట్ట దగ్గరే ఉన్నాను. కాసేపటికి మిస్బాహ్ గుంట పక్కన, ఏనాడూ తడవని చోట, చెమ్మ కనిపించింది. చూస్తుండగానే అది కారడం మొదలుపెట్టింది. నీళ్లు తేటగా లేవు, మనం కాచే టీ రంగులో ఉన్నాయి. చేయాల్సిందేమిటో తెలుసు. గులకరాయి తట్టలకు తట్టలు తెచ్చి దాని మీద పోయాలి, నీళ్లను వదిలి మన్నును పట్టుకోవాలి. నేను ఏం చేశానో తెలుసా? బంకమన్ను పిడికిళ్లతో తీసి ఆ బుంగకు కుక్కాను. అప్పుడూ మూయాలనే చూశాను, బుద్ధి తక్కువవాణ్ని.

బుంగ నా చేతులను తోసేసింది. వేలిలావున్నది చేయిలావైంది, చేయిలావున్నది కడవలావైంది. కాస్త మన్ను పోతే దారి పెద్దదవుతుంది, దారి పెద్దదైతే నీళ్లు ఎక్కువొస్తాయి, నీళ్లు ఎక్కువైతే ఇంకాస్త మన్ను పోతుంది. నేను పక్కకు దూకాను. ఆ తరవాత కట్ట నడుమ కుంగి, నీళ్లన్నీ ఒక్కసారిగా వెళ్లిపోయాయి. అత్తిచెట్టు వేళ్లతో సహా పోయింది. మిస్బాహ్ బార్లీ చేను రాళ్ల కింద ఉంది. దేవుడి దయ, ఆ వేళకు కింద మనుషులెవరూ లేరు.

నీళ్లు పోయాక గండిలోకి దిగి చూశాను. మీ నాన్న ఎప్పుడో కొట్టేసిన రెండో ఆలివ్ చెట్టు ఉందే, దాని వేరు కట్ట లోపల పుచ్చిపోయి గొట్టంలా ఉంది. ఊట దారి మూసేసరికి నీళ్లు దాన్ని వెతికి పట్టుకున్నాయి. ఆశ్చర్యమేమంటే, ఆ దారికి జానెడు పక్కన మన్ను పొడిపొడిగా ఉంది. నువ్వు కుస్కుస్ రవ్వను ఆవిరి పెట్టేటప్పుడు చెబుతావు చూడు, గింజల మధ్య ఒకచోట ఆవిరి దారి చేసుకుందంటే అంతా ఆ దారెంటే పోతుంది, చుట్టూ ఉన్న గింజ పచ్చిగానే ఉండిపోతుంది అని. చేత్తో కలిపి సరిచేస్తావు నువ్వు. కట్టను అలా కలపలేం గదా.

ఊళ్లోవాళ్లకు ఇవేవీ కనపడలేదు. కనిపించింది మిస్బాహ్ గుంట, దాని పక్కన గండి. మసీదు అరుగు మీద హాజ్ జుమా అడిగాడు.

"మిస్బాహ్, కట్ట పాదాన తవ్వావా?"

"తవ్వాను పెదనాన్నా."

"ఎందుకు తవ్వావు?"

"ఊట ఆగిపోయింది. నీళ్లు ఎటు పోయాయో చూద్దామని తవ్వాను."

"ఊట ఎందుకు ఆగుతుంది? మీ నాన్న కాలంనుంచీ ఆగందే." అని హాజ్ జుమా నా వైపు తిరిగాడు. "రమ్దాన్, కట్ట నీది. నువ్వేమైనా ఎరుగుదువా?"

నోరు తెరిచాను దహబా. తెరిచిన నోటితో, "నేనేమీ ఎరగను" అన్నాను. గుంట కూడా కొంత కారణమే అంటారేమో, అననీ. ఆ గుంట తవ్వించింది నేనే గదా. మిస్బాహ్ తల వంచుకుని ఒప్పుకున్నాడు. పైగా ఇంటికి వస్తూ, "నీకు తలవంపులు తెచ్చాను బావా" అని నాకే క్షమాపణ చెప్పాడు. నేను పర్వాలేదురా అన్నాను, గొప్ప మనసున్నవాడిలాగా. ఆ మాట గుర్తొస్తే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. ఆ వారమే నీకు ఉత్తరం రాసి, మీ తమ్ముడు తవ్వడంవల్ల కట్ట తెగిందని పెట్టాను. అది చదివే నువ్వు శపథం చేశావు.

అసలు సంగతి ఇంకా ఉంది. నిన్న మిస్బాహ్ గండి అడుగు శుభ్రం చేస్తుంటే సిమెంటు ముద్ద బయటపడింది. పారకు ఖణేలుమని తగిలింది. నేను చెట్టు కిందనుంచి చూస్తున్నాను. వాడు దాన్ని తిరగేశాడు. దాని మీద అరచేతి ముద్ర ఉంది, నూనె గానుగలో సగం వేలు పోగొట్టుకున్న ఈ చేతిదే. మన ఊళ్లో తొమ్మిదిన్నర వేళ్లవాడు ఇంకెవడున్నాడు? చదువు రానివాడికి కూడా అది నా సంతకమే. వాడు చాలాసేపు దాన్ని చూశాడు. నా వైపు చూడలేదు. తన కంబళి తీసి దాని మీద కప్పి, మళ్లీ పార పట్టుకున్నాడు. ఆ పొద్దంతా నడుముకు కట్టు లేకుండానే మన్ను మోశాడు.

సాయంత్రం గాడిదను కట్టేస్తూ అడిగాడు.

"బావా, అక్క ఉత్తరం వచ్చిందటగా. నా గురించి ఏమైనా రాయించిందా?"

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. "బాగున్నావా అని అడిగిందిరా" అన్నాను.

"నా మీద కోపంగా లేదా?"

"కోపమెందుకు? నువ్వంటే ప్రాణం గదా."

"అయితే చాలు" అన్నాడు. "అక్క వచ్చేలోపల కట్ట లేపేస్తాను. నవ్వుతూ ఇంట్లోకి రావాలి మా అక్క."

అంతా తెలిసి ఆ మాట అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఈరోజు పొద్దున వెళ్లేసరికి సిమెంటు ముద్ద లేదు. కట్ట పాదాన మీ నాన్న వదిలిన చోటే కొత్త సందు వదిలాడు. లోపల ఇసుక, దాని ముందు సన్నగులకరాయి, దాని ముందు ముక్కలుగా కొట్టిన లావు రాయి. ఆ ముక్కల్లో కొన్ని బూడిద రంగులో ఉన్నాయి.

"ఇక్కడ ఒక సిమెంటు గడ్డ ఉండాలే, ఏదిరా?" అన్నాను.

"రాళ్లు చాలలేదు బావా. దొరికినవన్నీ కొట్టి వేసేశాను" అన్నాడు, ఇసుక సర్దుతూ. "నీళ్లు పోవడానికి దారి ఉండాలి గదా."

కాబట్టి దహబా, ఇక నన్ను పట్టించేది ఈ భూమ్మీద ఏదీ లేదు. నా ముద్ర ముక్కలై కట్టలోకి వెళ్లిపోయింది. తెలిసినవాడు ఒక్కడే, వాడు చెప్పడు. నేను ఊరుకుంటే చచ్చేదాకా పెద్దమనిషిగా బతకొచ్చు. నాకు భయం వేసిందే అందుకు.

రేపు శుక్రవారం. నమాజు అయ్యాక అరుగు మీద నిలబడి జరిగిందంతా చెబుతాను. కానీ నా నోటి సంగతి నాకు తెలుసు, ఒకసారి తెరిచి అబద్ధమాడిన నోరు అది. అందుకని ముందు ఈ ఉత్తరం రాస్తున్నాను. బస్సు పొద్దున్నే వెళుతుంది, నమాజు మధ్యాహ్నం. ఉత్తరం బస్సెక్కాక నాకు వెనక్కి తిరిగే దారి ఉండదు. నేను చెప్పకపోయినా, హద్రియా నీకు చదివి వినిపించేస్తుంది. చెప్పాక బెల్గాసెం ఏమంటాడో, హాజ్ జుమా నాకు ఏ శిక్ష వేస్తాడో, వేయనీ. బుట్ట మాత్రం రేపటినుంచి నా నెత్తిన ఉంటుంది. మిస్బాహ్‌ను చెట్టు కింద కూర్చోబెట్టి బార్లీ ముద్ద నేను పెడతాను. తింటాడో లేదో తెలియదు.

ఈ మధ్యాహ్నం చిన్న జల్లు పడింది, పై మన్ను కాస్త తడిసేంత. కొత్త సందు ముందు నీ తెల్లగిన్నె పెట్టి ఉంచాను. ఇంకా ఏమీ రాలేదు. వచ్చినప్పుడు ఏ రంగులో ఉన్నాయో ఉన్నదున్నట్టు రాస్తాను.

నీకు ఒక్కటే విన్నపం. నాకు జవాబు రాయకపోయినా సరే. ముందు మీ తమ్ముడికి రాయించు. ఆ శపథం వాడి చెవిన పడలేదు, ఇంకా వెనక్కి తీసుకోవచ్చు. నన్ను తిట్టాలనుకున్నదంతా కూడా అందులోనే రాయించు, తగ్గించకు. వాడికి చదువు రాదు, చదివి వినిపించేది నేనే గదా. మసీదు అరుగు మీద కూర్చుని, నలుగురికీ వినబడేలా చదువుతాను. ఈసారి ఒక్క మాట కూడా మింగను.

ఇట్లు,
మీ తమ్ముడి బావ,
రమ్దాన్